టెర్మినల్‌లో అక్కర్లేని షార్ట్‌కట్లు ఆపాలంటే ముందు ఆ కీ ఎవరి చేతిలో పడుతోందో చూడాలి

మీ ప్రశ్న సారాంశం ముందు రాస్తాను, తర్వాత చదివేవారికీ పనికొస్తుంది. మీరు నల్లగొండలో ఒక డిగ్రీ కళాశాల కంప్యూటర్ ల్యాబు చూసుకుంటున్నారు. ఎక్కువ యంత్రాల్లో ఉబుంటు (ఒక రకం లినక్స్), అందులో గ్నోమ్ టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) ఉన్నాయి, కొన్నింట్లో విండోస్ టెర్మినల్ ఉంది. పిల్లలు పనిచేస్తుండగా ఉన్నట్టుండి తెర బిగుసుకుపోతోంది. ఫైళ్లు చూసుకునే మిడ్‌నైట్ కమాండర్ నుంచి బయటికి రావడానికి ఎఫ్10 నొక్కితే టెర్మినల్ మెనూ తెరుచుకుంటోంది. ఒక పదం చెరపబోతే కిటికీయే మూతపడుతోంది. తెలుగు టైపింగ్ పెట్టిన యంత్రాల్లో కొన్ని కీలు అసలు పనిచేయడం లేదు. "ఈ షార్ట్‌కట్లన్నీ ఒకేసారి తీసేయవచ్చా?" అని అడిగారు.

ఒకేసారి తీసేసే మీట ఉంది. గ్నోమ్ టెర్మినల్ ప్రిఫరెన్సెస్‌లో షార్ట్‌కట్స్ అనే పుటకు వెళ్తే, పైనే 'ఎనేబుల్ షార్ట్‌కట్స్' అని ఒక గడి కనిపిస్తుంది. అందులో టిక్కు తీసేస్తే అన్నీ పోతాయి. అయితే దాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. కాపీకి వాడే కంట్రోల్ షిఫ్ట్ సి కూడా దానితోనే పోతుంది. టెర్మినల్ దాన్ని అందుకోవడం మానేస్తే, ఆ కీ లోపలికి మామూలు కంట్రోల్ సి గానే వెళ్తుంది. ఒక వరుస కాపీ చేసుకుందామనుకున్న విద్యార్థి, నడుస్తున్న ప్రోగ్రామును తన చేతులతోనే ఆపేస్తాడు. పైగా మీ మొదటి సమస్య, తెర బిగుసుకుపోవడం, అలాగే ఉండిపోతుంది. దాని మూలం టెర్మినల్ ప్రోగ్రాములో లేదు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. వేలు నొక్కిన కీ ప్రోగ్రాము దాకా చేరేలోగా వరుసగా కొన్ని చేతులు మారుతుంది. తెలుగు టైపింగ్ సాధనంతో కూడిన డెస్క్‌టాపు మొదటిది. తర్వాత టెర్మినల్ కిటికీ, దాని వెనుక కెర్నెల్‌లోని (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోని) టీటీవై పొర, చివరికి ఆదేశాలు అందుకుని నడిపే బ్యాష్ లాంటి షెల్, లేదా అప్పుడు నడుస్తున్న విమ్, నానో లాంటి ఎడిటరు ప్రోగ్రాము. ఎవరు ముందు పట్టుకుంటే కీ వారిది, కింది వారికి అది వచ్చిందన్న సంగతే తెలియదు. సాగర్ ఎడమ కాలువ కింద చివరి పొలానికి నీరు రాకపోతే రైతు పొలంలో తవ్వుకుంటూ కూర్చోడు, పైన ఏ తూము దగ్గర ఆగిందో చూసి వస్తాడు. ఇక్కడా అదే పని. ఏ పొర పట్టుకుంటోందో తేల్చుకుని, ఆ పొరలోనే, ఆ ఒక్క కీనే ఆపాలి.

తేల్చుకోవడానికి మంచి పరీక్ష ఒకటి ఉంది. బ్యాష్ ప్రాంప్టు (ఆదేశం కోసం ఎదురుచూసే చోటు) దగ్గర కంట్రోల్ వి నొక్కి వదిలేసి, అనుమానం ఉన్న కీ నొక్కండి. ఎఫ్10 లోపలిదాకా వస్తుంటే, ఎస్కేప్ గుర్తుతో మొదలై 21 అంకె, చివర అలగీత ఉన్న చిన్న వరుస తెర మీద పడుతుంది. ఏమీ పడకుండా మెనూ తెరుచుకుంటే, పైనే ఎవరో పట్టుకున్నారన్నమాట. అప్పుడు అదే కీని ఫైల్ మేనేజరులోనో టెక్స్ట్ ఎడిటరులోనో నొక్కి చూడండి. అక్కడా అదే జరిగితే అనుమానం డెస్క్‌టాపు మీదికి మళ్లుతుంది, లేకుంటే అది టెర్మినల్ పనే. ఎఫ్10 మాత్రం చాలా ప్రోగ్రాముల్లో మెనూ కీ కాబట్టి, దాని విషయంలో ఈ రెండో పరీక్ష మీద ఆధారపడకండి.

ఇక తెర బిగుసుకుపోవడం. ఇది కంట్రోల్ ఎస్ వల్ల జరుగుతోంది, నాకు ఇందులో సందేహం లేదు. 1963లో వచ్చిన మోడల్ 33 లాంటి టెలిటైపు యంత్రాల కాలం నుంచి, "కాస్త ఆగు" అనడానికి 19వ సంకేతం, "కానివ్వు" అనడానికి 17వ సంకేతం వాడుకలో ఉన్నాయి. ఎస్ ఆంగ్ల వర్ణమాలలో 19వ అక్షరం, క్యూ 17వది. అందుకే కంట్రోల్ ఎస్ ఆపుతుంది, కంట్రోల్ క్యూ మళ్లీ కదిలిస్తుంది. కాగితం మీద అచ్చుకొట్టే యంత్రానికి ఇది అవసరమే. నేటి తెరకు దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. అయినా టీటీవై పొరలో అది ఇప్పటికీ మొదటినుంచే పనిచేస్తూ ఉంటుంది.

మన పిల్లల వేళ్లు కంట్రోల్ ఎస్ వైపు ఎందుకు పోతాయో కూడా అర్థం చేసుకోవాలి. పాలమూరులోనైనా నల్లగొండలోనైనా డీటీపీ సెంటర్లలో, టైపింగ్ ఇన్‌స్టిట్యూట్లలో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లకు మొదట నేర్పే జాగ్రత్త, నాలుగు వరుసలకోసారి భద్రపరచమని. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట అది ప్రాణాధారమైన అలవాటు. దాన్ని మానుకొమ్మని పిల్లలకు చెప్పడం అన్యాయం. నానో కొత్త వెర్షన్లలో కంట్రోల్ ఎస్ నిజంగానే ఫైలును భద్రపరుస్తుంది కూడా. అక్కడ పనిచేసిన కీ, బయటికి వచ్చి ప్రాంప్టు దగ్గర నొక్కగానే తెరను కట్టేస్తే, పాపం, కొత్తగా నేర్చుకునే పిల్ల ఏమనుకోవాలి? యంత్రం చెడిపోయిందనుకుని పవర్ బటన్ నొక్కుతుంది. ల్యాబుల్లో నేను మళ్లీ మళ్లీ చూసిన దృశ్యం ఇదే, చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. మారాల్సింది యంత్రం.

మార్చడం ఒక్క వరుస పని. ఇక్కడినుంచి ఆదేశాలను పలికే తీరులో రాస్తాను, టైపు చేసేటప్పుడు అన్నీ ఆంగ్ల చిన్న అక్షరాలే.

ఎస్‌టీటీవై -ఐఎక్స్ఓఎన్

ముందు ఉన్నది మైనస్ గుర్తు, అంటే "ఈ గుణం తీసేయి" అని. ఇది నొక్కాక కంట్రోల్ ఎస్ తెరను కట్టేయదు. ఎస్‌టీటీవై -ఏ అని కొడితే ప్రస్తుత స్థితి అంతా కనిపిస్తుంది, అందులో ఐఎక్స్ఓఎన్ ముందు మైనస్ చేరిందో లేదో చూసుకోవచ్చు. ఈ మార్పు ఆ ఒక్క కిటికీకే వర్తిస్తుంది. ప్రతిసారీ ఉండాలంటే హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే బ్యాష్‌ఆర్‌సీ ఫైలులో రాయాలి. ఎక్కడ రాస్తున్నారన్నది ముఖ్యం. ఉబుంటు ఇచ్చే ఆ ఫైలు మొదట్లోనే, మనిషి ఎదురుగా కూర్చుని నడపని సందర్భాల్లో అక్కడితో ఆగిపొమ్మని ఒక షరతు ఉంటుంది. మీ వరుస ఆ షరతు కిందే ఉండాలి. పైన రాస్తే ఎస్‌సీపీతో ఫైళ్లు పంపేటప్పుడు, టెర్మినలే లేని చోట ఎస్‌టీటీవై నడిచి దోషం చూపిస్తుంది.

దీనితో అనుకోని లాభం ఒకటి ఉంది. పాత ఆదేశాలు వెతకడానికి కంట్రోల్ ఆర్ వాడతారు కదా. వెతుకుతూ కావలసినదాన్ని దాటిపోతే తిరిగి ముందుకు రావడానికి బ్యాష్ కేటాయించిన కీ కంట్రోల్ ఎస్సే. టీటీవై పొర మింగేయడం వల్ల చాలామందికి అలాంటిది ఉందనే తెలియదు. ఈ వరుస రాయగానే అది బతికి వస్తుంది. విమ్ వాడేవాళ్లు అక్కడ కంట్రోల్ ఎస్‌ను భద్రపరిచే కీగా కూడా పెట్టుకోవచ్చు.

ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వరులోకి వెళ్లి పనిచేసేవారికి ఇంకో మాట. ఎస్‌ఎస్‌హెచ్ మీ వైపు టీటీవైని ముడి స్థితిలోకి మార్చి, ప్రతి కీని యథాతథంగా అవతలికి పంపుతుంది. కాబట్టి అక్కడ తెరను కట్టేసేది సర్వరులోని టీటీవై, ఈ వరుసను సర్వరులోని బ్యాష్‌ఆర్‌సీలోనూ రాసుకోవాలి. దేవరకొండ, అచ్చంపేట వైపు ఇళ్ల నుంచి ఫోను నెట్‌తో కళాశాల సర్వరులోకి వచ్చే విద్యార్థులు తెర ఆగిపోగానే సిగ్నల్ పోయిందనుకుంటారు. ముందు కంట్రోల్ క్యూ నొక్కి చూడమనండి. దానికీ కదలకపోతే ఎంటర్, అలగీత, చుక్క ఒకదాని తర్వాత ఒకటి నొక్కితే ఎస్‌ఎస్‌హెచ్ శుభ్రంగా తెగిపోయి సొంత ప్రాంప్టు వస్తుంది. కిటికీ మూసేయాల్సిన పని లేదు.

ఎఫ్10 సంగతి చిన్నది. ఇది టెర్మినల్ కిటికీ పట్టుకునే కీ. ప్రిఫరెన్సెస్‌లో జనరల్ పుటలో మెనూ యాక్సిలరేటర్ కీ అనే గడి ఉంటుంది, అందులో టిక్కు తీసేస్తే సరిపోతుంది. నడుస్తున్న ప్రోగ్రాములను చూపే హెచ్‌టాప్ నుంచి బయటపడటానికీ అదే కీ కాబట్టి లాభం రెండింతలు. పైన మెనూ పట్టీ కనిపిస్తున్న యంత్రాల్లో నెమోనిక్స్ గడిని కూడా తీసేయండి. బ్యాష్‌లో ఆల్ట్ ఎఫ్ ఒక పదం ముందుకు పోవడానికి, ఆల్ట్ బి వెనక్కి రావడానికి. ఆ గడి ఉంటే ఆల్ట్ ఎఫ్‌కు ఫైల్ మెనూ ఊడిపడుతుంది. మీ ల్యాబులో ఎక్కడైనా ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్ ఉంటే ఇలాంటి గడులు అడ్వాన్స్‌డ్ పుటలో ఉంటాయి, అయితే అవి 'డిసేబుల్' అనే గడులు కాబట్టి అక్కడ టిక్కు పెట్టాలి, ఎఫ్1 సహాయపు కిటికీని ఆపే గడి కూడా పక్కనే.

కిటికీ మూతపడటం దగ్గర కాస్త నిదానంగా చూడాలి. బ్యాష్‌లో కంట్రోల్ డబ్ల్యూ వెనుక ఉన్న ఒక పదాన్ని చెరుపుతుంది. చాలా మంచి కీ. గ్నోమ్ టెర్మినల్‌లో కంట్రోల్ షిఫ్ట్ డబ్ల్యూ ట్యాబును మూసేస్తుంది, కంట్రోల్ షిఫ్ట్ క్యూ కిటికీ మొత్తాన్ని మూసేస్తుంది. అప్పుడే కంట్రోల్ షిఫ్ట్ వితో ఏదో అతికించిన విద్యార్థి, షిఫ్ట్ మీద నుంచి వేలు తీయకుండా డబ్ల్యూ నొక్కితే అంతే సంగతులు. ప్రోగ్రాము నడుస్తుంటే మూసేయమంటారా అని టెర్మినల్ అడుగుతుంది. ఊరికే ప్రాంప్టు ఉన్నప్పుడు అడగదు, సగం రాసిన పొడవాటి ఆదేశం పోతుంది. షార్ట్‌కట్స్ పుటలో క్లోజ్ ట్యాబ్, క్లోజ్ విండో వరుసల మీద క్లిక్ చేసి బ్యాక్‌స్పేస్ నొక్కితే ఎదురుగా డిసేబుల్డ్ అని పడుతుంది. ఆ రెండింటితో ఆగండి. కాపీ, పేస్టు, కొత్త ట్యాబు, అక్షరం పెద్దది చేయడం ఇవన్నీ ఉండనివ్వండి.

బ్రౌజరులో తెరుచుకునే టెర్మినల్ వాడే తరగతులు మీకు ఉంటే, అక్కడ కంట్రోల్ డబ్ల్యూ నేరుగా బ్రౌజరు ట్యాబునే మూసేస్తుంది. దాన్ని వెబ్ పేజీ ఆపలేదు. పదం చెరపడానికి ఎస్కేప్ నొక్కి వదిలి బ్యాక్‌స్పేస్ కొట్టడం నేర్పండి. బ్యాష్‌లో అదీ పదాన్నే చెరుపుతుంది, బ్రౌజరుతో గొడవ లేదు.

కంట్రోల్ డి మీరు అడగలేదు కానీ రేపో మాపో వస్తుంది. ఖాళీ ప్రాంప్టు దగ్గర అది "ఇక ఇన్‌పుట్ లేదు" అన్న సంకేతం, షెల్ సెలవు తీసుకుంటుంది. పైథాన్ నుంచి బయటికి రాబోయి రెండుసార్లు కొట్టిన పిల్లవాడి కిటికీ కూడా పోతుంది. బ్యాష్‌ఆర్‌సీలో

సెట్ -ఓ ఇగ్నోర్‌ఈఓఎఫ్

అని రాస్తే, వెళ్లాలనుకుంటే ఎగ్జిట్ అని రాయమని బ్యాష్ చెబుతుంది. వరుసగా 10 సార్లు నొక్కినా ఓర్చుకుంటుంది, ఆ తర్వాతే వెళ్తుంది. పైథాన్ వంటి ప్రోగ్రాముల్లో కంట్రోల్ డి ఎప్పటిలాగే పనిచేస్తుంది, ఎందుకంటే మనం ఆపింది షెల్ పొరలో మాత్రమే.

కంట్రోల్ జెడ్‌ను మాత్రం ఆపవద్దని నా సలహా. వర్డ్ అలవాటుతో, చేసింది రద్దు చేద్దామని విమ్‌లో నొక్కుతారు. ఎడిటరు మాయమై ప్రాంప్టు వస్తుంది. ఫైలు పోయిందని భయపడి మళ్లీ అదే ఫైలు తెరిస్తే స్వాప్ ఫైలు కనబడిందని పెద్ద హెచ్చరిక ముఖాన పడుతుంది. నిజానికి మొదటి విమ్ ఎక్కడికీ పోలేదు, వెనుక నిద్రపోతోంది. ఎఫ్‌జీ అని రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే రాసిన చోటికే తెస్తుంది. మొదటి తరగతిలోనే ఈ రెండక్షరాలు బోర్డు మీద రాసి చూపించండి, ఏడాదంతా పిల్లలకు ధైర్యంగా ఉంటుంది. ఎస్‌టీటీవైతో దీన్ని తీసేయమని చాలామంది సలహా ఇస్తారు. అలా చేసినా విమ్‌లో ఆగదు, ఎందుకంటే విమ్ టీటీవై పొరను పక్కకు నెట్టి ఆ కీని తానే అందుకుని నిద్రలోకి వెళ్తుంది. విమ్‌లో ఆపాలంటే దాని అమరికల ఫైలు విమ్‌ఆర్‌సీలోనే ఆ కీకి ఏ పనీ లేకుండా చేయాలి.

తెలుగు టైపింగ్ ఉన్న యంత్రాల్లో కొన్ని కీలు పనిచేయడం లేదన్నారు. అక్కడ ముందు ఐబస్‌ను అనుమానించండి. అది తెలుగు లాంటి భాషల్లో టైపు చేయించే సాధనం, మొదటి పొరలో కూర్చుంటుంది. ఉబుంటు 18.04 కాలపు యంత్రాల్లో ఐబస్ కంట్రోల్ షిఫ్ట్ ఈని ఎమోజీల కోసం అట్టిపెట్టుకుంది. టెర్మినేటర్ అనే మరో టెర్మినల్ వాడేవాళ్లకు కిటికీని నిలువుగా చీల్చే కీ అదే. నొక్కితే కిటికీ చీలదు, గీత గీసిన ఈ అక్షరం ఒకటి తెర మీద వేలాడుతుంది. ఐబస్-సెటప్ నడిపి ఎమోజీ పుటలో ఆ కీని తొలగిస్తే చాలు. అలాగే కంట్రోల్ షిఫ్ట్ యు నొక్కితే గీతతో యు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, అది యూనికోడ్ సంఖ్యతో అక్షరం రాసే మార్గం, ఎస్కేప్ కొడితే పోతుంది. తెలుగుకూ ఆంగ్లానికీ మారడానికి కంట్రోల్ స్పేస్ పెట్టుకున్న పాత అమరికలు ఏవైనా ఉంటే సూపర్ స్పేస్‌కు మార్చండి. కంట్రోల్ స్పేస్ ఈమాక్స్ ఎడిటరుకు చాలా అవసరమైన కీ. తెలుగు టైపింగే తీసేస్తే తగాదా ఉండదని కొందరు ల్యాబుల్లో తీసేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. తెలుగులో రాసుకునే హక్కు పిల్లలకు ఉండాలి, అడ్డుపడే ఒక్క కీని సవరిస్తే సరిపోయేదానికి భాషను తీసేయడం ఎందుకు?

ఒక హెచ్చరిక. కంట్రోల్‌తో కలిపి నొక్కిన అక్షరం వర్ణమాలలో తన స్థానపు సంఖ్యగా లోపలికి వెళ్తుందని పైన చూశాం కదా. ఐ 9వ అక్షరం, ట్యాబ్ సంకేతమూ 9. ఎం 13వది, ఎంటర్ సంకేతమూ 13. అందువల్ల బ్యాష్‌లో కంట్రోల్ ఐని ఆపితే ట్యాబ్‌తో పేర్లు పూర్తి చేసుకునే సౌకర్యం పోతుంది, కంట్రోల్ ఎంని ఆపితే ఎంటరే పనిచేయదు. బైండ్ -ఆర్ వాడి బ్యాష్ కీలు తీసేసే ముందు బైండ్ -పెద్ద పి కొట్టి ఏ కీకి ఏ పని ఉందో చూసుకోండి.

ల్యాబు మొత్తానికి ఒకేలా చేయాలంటే ఒక్కొక్కరి ఖాతాలోకి వెళ్లి గడులు తీసే పని పెట్టుకోకండి. షెల్ వరుసలు రెండూ ఈటీసీ కింద ఉన్న బ్యాష్.బ్యాష్‌ఆర్‌సీ ఫైలులో, మొదట్లో ఉండే షరతు దాటాక రాయండి. ప్రొఫైల్.డి లో రాస్తే ఫలితం కనిపించదు, ఎందుకంటే గ్నోమ్ టెర్మినల్ కిటికీలు మామూలుగా లాగిన్ షెల్‌ను తెరవవు. టెర్మినల్ అమరికలకు డీకాన్ఫ్ (గ్నోమ్ అమరికలు దాచుకునే చోటు) ఉంది. ఈటీసీ, డీకాన్ఫ్, ప్రొఫైల్ కింద యూజర్ అనే ఫైలులో యూజర్-డీబీ:యూజర్, దాని కింది వరుసలో సిస్టమ్-డీబీ:లోకల్ అని రాయాలి. ఆపైన ఈటీసీ, డీకాన్ఫ్, డీబీ, లోకల్.డి లో ఒక ఫైలు పెట్టి, గ్నోమ్ టెర్మినల్ కీబైండింగ్స్ విభాగం కింద క్లోజ్-ట్యాబ్, క్లోజ్-విండో రెండింటికీ డిసేబుల్డ్ అని ఒంటి కొటేషన్లలో రాయండి. సుడోతో (నిర్వాహకుడి హక్కుతో) డీకాన్ఫ్ అప్‌డేట్ కొడితే అమలవుతుంది. తాళం వేయకుండా వదిలితే, కావాలనుకున్న విద్యార్థి తన ఖాతాలో తిరిగి పెట్టుకోవచ్చు. అలా వదలడమే నాకు ఇష్టం.

మీ దగ్గర విండోస్ టెర్మినల్ ఉన్న యంత్రాలు కొన్ని ఉన్నాయన్నారు. అక్కడ సెట్టింగ్స్‌లో యాక్షన్స్ పుట నుంచి అక్కర్లేని కీని తొలగించవచ్చు. ముఖ్యంగా చూడాల్సింది కంట్రోల్ వి. దాన్ని విండోస్ టెర్మినల్ పేస్టుకు పట్టుకోవడం వల్ల డబ్ల్యూఎస్‌ఎల్‌లో (విండోస్ లోపల నడిచే లినక్స్‌లో) విమ్ తెరిచినవాళ్లకు నిలువు వరుసలు ఎంచుకునే పద్ధతి దొరకదు. ఆ ఒక్క కీ తొలగిస్తే కంట్రోల్ షిఫ్ట్ వితో అతికించుకోవచ్చు.

మార్పులు చేశాక తప్పకుండా కొత్త కిటికీ తెరిచి చూడండి, పాత కిటికీలోని బ్యాష్ ఆ ఫైళ్లను మళ్లీ చదవదు. ముందు ఒక్క యంత్రంలో చేసి, ఒక మామూలు విద్యార్థి ఖాతాతో లాగిన్ అయి కంట్రోల్ ఎస్, ఎఫ్10, కంట్రోల్ షిఫ్ట్ డబ్ల్యూ వరుసగా నొక్కించండి. తెలుగు టైపింగ్ యంత్రాల్లో ఇంకా ఏ కీ మొండికేసినా, ఆ కీ పేరు, ఉబుంటు వెర్షన్, కంట్రోల్ వి పరీక్షలో తెర మీద ఏమి పడిందీ రాయండి. ఏ పొరలో ఆగుతోందో చూసి చెబుతాను.